నాలుగో పొగగొట్టం

టైటానిక్ ఓడకు నాలుగు పొగగొట్టాలుండేవి. ఇంజన్ల పొగ మూడింట్లోంచే వచ్చేది. నాలుగోది దాదాపు ఉత్తిదే. లోపలికి గాలి ఆడడానికి కొంత, చూసేవాళ్ళ కంటికి నిండుగా కనబడడానికి ఇంకొంత. గొట్టాలు ఎన్నుంటే ఓడకు అంత బలమని జనం అనుకునే కాలమట అది. ఈ సంగతి చదివిన రోజున నాకు ఆ ఓడ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. అంత పెద్ద ఓడ తన నెత్తిన ఒక అబద్ధాన్ని నిలబెట్టుకుని సముద్రం మీదికి బయల్దేరిందంటే నాలాంటివాడికి ముచ్చటగా ఉండదా మరి.

నేను కోతలు కోస్తానని ఉద్దానం తీరంలో మా రేవు మొత్తానికి తెలుసు. మూలపేట దగ్గర తాబేలు వీపు మీద కూర్చుని అరమైలు వెళ్ళానని ఒకసారి చెప్పాను. ఇచ్ఛాపురం స్టేషన్లో ఒడియాలో అరిచే కాకిని చూశాననీ, అది రైలెక్కి సోంపేట దాటాక తెలుగులోకి దిగిందనీ ఇంకోసారి చెప్పాను. ఎవరూ నమ్మలేదు, ఎవరూ లేచి వెళ్ళలేదు కూడా. నాకు కావలసింది అంతే.

ఇప్పుడు రాసేదానికి మాత్రం ఏమీ కలపదలచుకోలేదు. ఒక ఆదివారం పొద్దున ఒడ్డు మీద నిలబడి మా అప్ప, అంటే మా అక్క, నన్నొక మాట అడిగింది. నేను నవ్వు పుట్టించే జవాబిచ్చాను. ఆ జవాబు ఇవ్వకపోయి ఉంటే మా బావ బతికేవాడా అన్నది ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

తొంభైల చివర్లో నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. జీడిపిక్కల బస్తాలు తూయడం, గుర్తు వేయడం, పక్కకి నెట్టించడం. అక్కడ సరుకు కింద పరవడానికి పాత పేపర్లు కట్టలు కట్టలు వచ్చేవి. బస్తాకీ బస్తాకీ మధ్య నేను వాటిని చదివేవాణ్ణి. ఆ రోజుల్లో పేపర్లకు ఏం పూనిందో, ఎప్పుడో మా తాతల కాలంలో మునిగిన ఆ ఓడ గురించి వారం వారం రాసేవి. నేను ముక్కలు చింపి జేబులో పెట్టుకునేవాణ్ణి. శనివారం సాయంత్రం టెక్కలి దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఊరికి ఇంకో బస్సు. ఆదివారం పొద్దున వలలు బాగుచేసుకునే పాక కింద నా దుకాణం తెరిచేవాణ్ణి.

వినేవాళ్ళలో ముందు వరసలో మా బావ ఉండేవాడు. మా అప్ప మొగుడు. నల్లగా, పొట్టిగా, గట్టిగా, తన తెప్ప దుంగలాగే ఉండేవాడు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరుగు అల్లుకుంటూ, తల ఎత్తకుండా వినేవాడు. నాలుగో గొట్టం సంగతి చెప్పిన రోజున మాత్రం తల ఎత్తాడు.

"పొగ రాని గొట్టవెందుకురా బామ్మర్దీ?"

అందానికని చెప్పాను. బావ కాసేపు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అయితే మన రేవుకి నాలుగో గొట్టం నువ్వేరా," అన్నాడు.

ఆ పేరు నాకు అతుక్కుపోయింది. పిల్లలు కూడా బస్సు దిగగానే గొట్టం మావ వచ్చాడని అరిచేవారు.

ఆ ఓడ గురించి నేను చెప్పిన నిజాలు ఒక్కటీ వాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు. దూరాన్ని చూసే అద్దాలున్న పెట్టె తాళంచెవి, ఆఖరి గడియలో ఓడ దిగిపోయిన ఒక ఆఫీసరు దగ్గర ఉండిపోయిందనీ, అందుకే పైనున్న కాపలావాళ్ళు ఉత్త కళ్ళతో చీకట్లోకి చూశారనీ అంటే నవ్వారు. ఓడలో ఉన్నవాళ్ళలో సగం మందికి సరిపోయే పడవలే ఉన్నాయని, ఆ ఉన్న పడవలైనా మొదట్లో సగం ఖాళీగానే దిగాయని చెబితే కోప్పడ్డారు. అంత పెద్ద ఓడ మునగదనే ధైర్యంతో జనం చిన్న పడవల్లోకి దిగడానికి వెనకాడారట. అందరూ పోయిన చోట రెండు మూడు కుక్కపిల్లలు బతికి బయటపడ్డాయని చెబితే, ఇక చాల్లే అన్నారు. ఆ ఓడ వంటగదిలో పలాస జీడిపప్పు బస్తా ఒకటి ఉండేదని, అది తేలుతూ ఉంటే పట్టుకుని ఒక దొరసాని ఒడ్డుకు చేరిందని నేను అప్పటికప్పుడు అల్లి చెబితే మాత్రం అందరూ తలలూపారు. మన సరుకు గొప్పదేనన్నారు.

ఒక్క నిజాన్ని మాత్రం మా అప్ప నమ్మింది.

ఆ రాత్రి మునుగుతున్న ఓడకు కనుచూపు మేరలో ఇంకో ఓడ ఆగి ఉందట. మంచుగడ్డల మధ్య రాత్రి కదలడం మంచిది కాదని ఆగిందట. మునిగే ఓడ సాయం కోసం ఆకాశంలోకి తారాజువ్వలు వదిలింది. ఆ ఓడ మీద కాపలా ఉన్నవాళ్ళు వాటిని చూశారు. ఒకటి కాదు, చాలా చూశారు. చూసి, అక్కడే ఉండిపోయారు.

మా అప్ప పాక స్తంభానికి ఆనుకుని కూర్చుని గంపకు తాడు చుడుతూ ఉంది. చేతులు ఆపింది.

"కల్లతో సూసి గూడా రానేదా?"

"రానేదప్పా. ఆల్లలో ఆల్లు ఏదో సైగలు సేసుకుంతన్నారని అనుకున్నారట."

"ఒక్కడైనా లేసి ఎల్లి సూడొద్దా? ఆల్ల సేతులిరిగిపోను," అంది.

పాక కింద ఉన్న ఆడవాళ్ళందరూ ఆ ఓడవాళ్ళను తలా ఒక తిట్టు తిట్టారు. నా కథకు అంత రసపట్టు అంతకుముందెప్పుడూ దొరకలేదు. ఆ తరవాత ఎవరు కథ అడిగినా ఆ భాగాన్ని ఇంకాస్త పెంచి చెప్పేవాణ్ణి. పక్క ఓడలో పేకాట పెట్టాను, పాటలు పెట్టాను.

ఇక్కడ మా తెప్పల సంగతి, మా గుడ్డ సంగతి చెప్పాలి. అవి తెలియకపోతే ఆ ఆదివారం తెలియదు.

తెప్ప అంటే నాలుగైదు దుంగలు తాళ్ళతో కట్టినది. దానికి లోపల అనేదే ఉండదు కాబట్టి నీళ్ళు నిండవు, మునగదు. కెరటం తిరగేస్తే మనిషి నీళ్ళలో పడతాడు, ఈది వచ్చి మళ్ళీ ఎక్కుతాడు. తాడు తెగితే ఒక దుంగ మీద పడుకుని వస్తాడు. అందుకే మా రేవులో తరాలుగా, ప్రాణం మీదికి వచ్చింది రమ్మని పిలవడానికి ఒక సైగంటూ లేదు. ఎవరికీ అవసరం పడలేదు.

ఉన్న సైగ ఒక్కటే. చేపల గుంపు మీద వల పడితే తెప్ప మీద గెడ నిలబెట్టి దానికి గుడ్డ కట్టేవారు. ఆ గుడ్డ వాళ్ళ ఇంటి ఆడమనిషి పాత చీరదే అయి ఉండాలి. ఒడ్డు మీదున్నవాళ్ళు రంగు చూసి ఫలానా వాళ్ళకు పడిందని పోల్చుకుని, గంపలు పట్టుకుని దిగేచోటికి పరిగెత్తేవారు. సముద్రం మీదున్న మిగతా తెప్పలు మాత్రం ఆ గుడ్డ చూడగానే పక్కకి తప్పుకోవాలి. గుడ్డ లేచిన చోటు ఆ గుడ్డవాళ్ళది. అటు వెళితే చేప దొంగతనానికి వచ్చినట్టే లెక్క. ఆ తప్పుకి ఊరి పెద్దల ముందు నిలబడి తల దించుకున్నవాళ్ళను నా చిన్నప్పుడు చూశాను. తెప్పల్లో తరాలుగా ఏ గొడవలూ లేకుండా చూసింది ఈ కట్టుబాటే.

రెండువేల తరవాత ఫైబర్ బోట్లు వచ్చాయి. మా బావ కూడా తమ్ముడితో కలిసి ఒకటి తెచ్చాడు. నీలంగా, నున్నగా, వెనక ఇంజనుతో. దానికి లోపల అనేది ఉంది. తెప్ప మీద వంగి కూర్చున్న మనిషి బోటులో నిటారుగా నిలబడ్డాడు. మా అప్ప తన పసుపు చీర ఒకటి చింపి కొత్త గుడ్డ కట్టిచ్చింది. పెళ్ళయిన కొత్తలో కట్టినదట, అంచు ఎర్రది. బోటు మారింది గానీ గుడ్డ సైగ మారలేదు. మార్చాలని ఎవరికీ తోచలేదు. అందరికంటే ఎక్కువ ఓడల కబుర్లు చెప్పిన నాకూ తోచలేదు.

ఆ ఆదివారం పొద్దెక్కి ఉంది. ఎండ కాస్తున్నా గాలి కొంచెం తేడాగా ఉంది, సముద్రం గరుకుగా ఉంది. నేను పాక కింద మళ్ళీ ఆ ఓడ కథే చెబుతున్నాను. కొత్తగా కాపరానికి వచ్చిన ఇద్దరు కోడళ్ళు వినలేదని ఆడవాళ్ళే అడిగారు. సరిగ్గా తారాజువ్వల దగ్గరికి వచ్చి, పక్క ఓడలో పేకాట మొదలుపెట్టబోతుండగా ఎవరో గుడ్డ లేచిందని కేకేశారు.

అందరూ లేచారు. నేను కథ తెగిపోయినందుకు విసుక్కుంటూ వెనకాలే వచ్చి నిలబడ్డాను. దూరంగా, ఒక చిన్న నీలం మచ్చ మీద పుల్ల, పుల్లకు గుడ్డ. నా చూపు అంత దూరం ఆనేది కాదు.

"ఏ రంగప్పా?" అని అడిగాను.

"పసుపు. నా సీరే," అంది మా అప్ప. ఆమె గొంతులో ఆ సంతోషం నాకింకా వినిపిస్తుంది.

గంపలు వచ్చాయి. ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకున్నారు. పడిన చేపలు కవ్వలేనా, కానాగంతలా అని పందేలు వేసుకుంటున్నారు. ఆ బోటుకు కాస్త అవతల ఇంకో రెండు బోట్లు ఉన్నాయి. గుడ్డ చూసి రెండూ మర్యాదగా ముక్కు తిప్పి ఉత్తరానికి పోయాయి. మేం అది కూడా చూశాం, సరిగ్గా తప్పుకున్నారని మెచ్చుకున్నాం.

కాసేపటికి మా అప్ప గంప కింద పెట్టింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉంది.

"తమ్ముడూ, ఊపుతున్నాడేటిరా?"

గెడ నిలబెట్టి వదిలేస్తారు. వల లాగేటప్పుడు రెండు చేతులూ వల మీదే ఉండాలి. గుడ్డ గాలికి ఆడుతుంది తప్ప గెడ కదలదు. నాకు కనిపించినంతలో ఆ పుల్ల అటూ ఇటూ పోతూనే ఉంది.

"వల లాగీవోడికి సేతులు కాళీ ఎక్కడియిరా?" అంది మళ్ళీ.

ఆమె అడిగింది నన్ను. పక్కన ఇంత మంది ఉండగా, సముద్రం మీద ఒక్క రోజు కూడా కుదురుగా బతకని నన్ను. పేపర్లు చదివేవాణ్ణి కదా. ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. పది ముఖాలు నా నోటి వైపు తిరిగితే నాకు ఏమవుతుందో అదే అయింది.

"నీకు కొత్త సీర కొనేత్తాడంటప్పా," అన్నాను. "పాతది ఇసిరి పారేత్తన్నాడు సూడు."

ఒడ్డంతా నవ్వింది. కొత్త కోడళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మా అప్ప కూడా నవ్వింది. నవ్వి, గంప ఎత్తుకుంది.

ఇంకాసేపు చూసేసరికి గుడ్డ కనిపించలేదు. గెడ దించి బయల్దేరారనుకున్నాం. దిగేచోట నిలబడి ఎదురుచూశాం. అలా ఎంతసేపు నిలబడ్డామో చెప్పడానికి నా చేతికి వాచీ ఉంది గానీ, ఆ రోజు నేను దాన్ని చూడలేదు. చూసి ఉంటే ఇప్పుడు ఒక లెక్క నన్ను తింటూ ఉండేది.

ఉత్తరానికి పోయిన బోట్లలో ఒకటి తిరిగి వచ్చేటప్పుడు, ఖాళీ డీజిలు డబ్బాను కౌగిలించుకుని తేలుతున్న మా బావ తమ్ముణ్ణి చూసింది. వాణ్ణి తెచ్చి ఇసకలో పడుకోబెట్టారు. వాడు నీళ్ళు కక్కాక, ఒక్కొక్క మాటే చెప్పాడు. వల నిండిన మాట నిజమే. మొదట గుడ్డ లేపింది చేపల కోసమే. రెండు వారాల కింద బోటును ఒడ్డెక్కించేటప్పుడు అడుగున రాయి తగిలి సన్నటి చీలిక పడింది. దానికి మాటు వేశారు. నిండు వల బరువు ఒక పక్కకి లాగేసరికి మాటు విడిపోయింది. నీళ్ళు వస్తుంటే వాడు డబ్బాతో తోడాడు, బావ వల కోయడానికి పోయాడు. కోయలేక, గెడ పీకి ఊపడం మొదలుపెట్టాడు. ఊపుతూనే ఉన్నాడట. ఒడ్డు మీద జనం కనబడుతున్నారని, గంపలు కూడా కనబడుతున్నాయని, వచ్చేస్తారని తమ్ముడికి ధైర్యం చెప్పాడట. బోటు పక్కకి ఒరిగినప్పుడు బావ కాళ్ళు వలలో పడ్డాయి.

మూడో రోజున బావ మాకు ఉత్తరంగా రెండు ఊళ్ళ అవతల ఒడ్డుకు వచ్చాడు. కబురు వస్తే నేనూ బావ తమ్ముడూ వెళ్ళాం. వల ముక్క ఇంకా చీలమండకు ఉంది. కత్తితో కోసింది నేనే. ఆ ఓడ మునిగాక శవాల కోసం ఇంకో ఓడ పంపారనీ, డబ్బున్నవాళ్ళని పెట్టెల్లో పెట్టి ఒడ్డుకు తెచ్చి, పేదవాళ్ళను చాలామందిని బరువులు కట్టి మళ్ళీ సముద్రంలోకే జారవిడిచారనీ నేను ఎప్పుడో చదివాను. పాక కింద ఎన్నడూ చెప్పని నిజం అదొక్కటే. వల కోస్తున్నంతసేపూ అదే గుర్తొచ్చింది.

పక్కకి తప్పుకున్న రెండు బోట్ల మనుషులు ఆ సాయంత్రమే వచ్చి మా అప్ప గుమ్మం ముందు మట్టిలో కూర్చున్నారు. పచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు. అప్ప లోపల్నుంచి వచ్చి వాళ్ళతో ఒకే మాట అంది.

"మీరు కట్టుబాటు దాటనేదు. లేవండి."

నేను అక్కడే గోడకి ఆనుకుని ఉన్నాను. వాళ్ళ పక్కన కూర్చోవలసినవాణ్ణి. కూర్చోలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. మొత్తం రేవు ఆ మాటకు నవ్వింది గనక, ఆ మాటను ఎవరూ గుర్తు చేయలేదు.

నెల తిరక్కుండా ఊరి పెద్దలు కూర్చుని కట్టుబాటు మార్చారు. గుడ్డ లేస్తే దగ్గర్లో ఉన్న బోటు తప్పకుండా వెళ్ళి చూడాలి, వెళ్ళినవాడు వల మాత్రం వేయకూడదు. ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అప్పుడప్పుడూ చేపల కోసమే కదా లేపావు, అనవసరంగా తిప్పావని తిట్టుకుంటారు. తిట్టుకుంటూనే వెళ్ళి చూస్తారు.

ఒడ్డు మీద బతకలేక మా అప్ప పలాస వచ్చేసింది. నేనున్న ఫ్యాక్టరీలోనే పిక్కలు కొట్టే పనికి పెట్టించాను. జీడి పెంకు నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆముదం, బూడిద రాసుకుని కొడతారు, అయినా చేతులు నల్లబడతాయి. ఏడాదికే ఆమె వేళ్ళు మా బావ వేళ్ళ రంగుకి వచ్చాయి. నేను రోజూ ఆమె కొట్టిన పప్పు కాటా మీద పెట్టి తూసేవాణ్ణి. మేం మాట్లాడుకునే మాటలన్నీ అన్నం తిన్నావా, బస్సు దొరికిందా అన్నవే. నేను కోతలు మానలేదు. పలాస ఆడవాళ్ళకు తాబేలు కథ చెప్పాను, కాకి కథ చెప్పాను. ఓడ జోలికి మాత్రం పోలేదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఎవరో కొత్తావిడ నన్ను ఏదైనా చెప్పమంటోంది. నేను గొంతు సవరించుకుంటున్నాను. అప్ప క్యారియరు గిన్నె మూత పెడుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"తమ్ముడూ, ఆ దగ్గిరున్న ఓడోలు ఏటైపోనారు?"

నా దగ్గర అబద్ధం సిద్ధంగా ఉంది. ఆ ఓడవాళ్ళు ఆలస్యంగానైనా కదిలారని, పాతిక మందిని బతికించారని, జనం వాళ్ళను పూలదండలతో దించారని. నాలుగేళ్ళుగా దాన్ని నాకు నేనే చెప్పుకుంటూ నున్నగా చేసి పెట్టుకున్నాను. నోరు తెరిచాక అది రాలేదు.

"కెప్టెను నడుం వాల్చి ఉన్నాడప్పా. పైనున్నోలు జువ్వలు లెగుత్తన్నాయని సెప్పినారు. ఏ రంగని అడిగినాడంట. తెల్లగున్నాయన్నారు. మల్లీ పడుకున్నాడు."

"తరవాత?"

"తెల్లారి సంగతి తెలిసి ఎల్లినారు. సెక్క ముక్కలే ఉన్నాయి. నాను సూసింది ఆ ఓడ కాదు, ఇంకోటని ఆ కెప్టెను సచ్చీదాకా సెప్పుకున్నాడంట."

కొత్తావిడ ఇదేం కథ, నవ్వే రాలేదని లేచి పోయింది. అప్ప గిన్నె పక్కన పెట్టింది.

"మరి నువ్వేటి సెప్పుకుంతన్నావు?"

పిక్కలు కాల్చే పొగ కళ్ళలోకి వస్తోంది. చూపు తిప్పుకోవడానికి ఆ సాకు చాలు. తిప్పుకోలేదు.

"నాను సూసింది నీ సీరే అప్పా. ఊపడవూ సూసినాను."

అవతల పని మొదలైన చప్పుడు వినబడింది, పిక్కల మీద కర్ర దెబ్బలు ఒకటొకటిగా.

"నాను నవ్వినాను తమ్ముడూ," అంది. "అడిగింది నానే. నువ్వన్నదానికి నవ్వినాను. గంప ఎత్తుకున్నాను."

నేనేదో అనబోయాను. వద్దన్నట్టు తల ఊపింది. ఆముదం సీసా తీసి అరచేతిలో ఒంపుకుని, వేలు వేలుకీ నిదానంగా రాసుకుంది. రెండు చేతులూ జిడ్డుగా ఉన్నాయి, సీసా మూత నన్ను పెట్టమంది. పెట్టాను. ఆమె తన పీట దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కాటా దగ్గరికి వచ్చాను.